ఓడ దిగని పైలట్

2025 మే నెలలో ఒక మధ్యాహ్నం గాజువాక ఆటోనగర్‌లో మా యూనిట్ ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నిలబడి ఫోన్‌లో వార్తలు చూస్తున్నాను. నిస్సాన్ కార్ల కంపెనీకి ఆ ఏడాది 67,090 కోట్ల యెన్ల నష్టం వచ్చిందట, 20,000 ఉద్యోగాలు తీసేస్తారట, ఉన్న 17 ఫ్యాక్టరీల్లో 10 మాత్రమే ఉంచుతారట. టీ చల్లారిపోయింది గానీ నేను కదల్లేదు. ఈ వార్త నేను ఇంతకుముందే చదివాను.

సాయంత్రం ఇంటికెళ్ళి అటక మీద నుంచి పాత నోట్‌బుక్కులు దింపితే మా ఆవిడ ఈ వయసులో ఇదేం పిచ్చి అంది. ద్వారకానగర్‌లో ఐసీడబ్ల్యూఏ (కాస్ట్ అకౌంట్స్) కోచింగ్‌కి వెళ్ళే రోజుల్లో పేపర్ కటింగులు అంటించుకున్న పుస్తకం దొరికింది. అదే కంపెనీ. అప్పటి నష్టం 68,440 కోట్ల యెన్లు, కోత 21,000 ఉద్యోగాలు, మూత 5 ఫ్యాక్టరీలు. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ దాదాపు అదే జబ్బు, అదే మందు చీటీ. ఆ రెండు చీటీల మధ్య కాలంలో ఎక్కువ భాగం ఆ కంపెనీ మంచం పక్కన కూర్చున్న డాక్టరు ఒకాయనే, కార్లోస్ గోన్. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో మధ్యలో ఒక ఎస్ ఉంటుంది గానీ పలకరు.

2018లో అరెస్టయిన ఆయన్ని దొంగ అని తిట్టేవాళ్ళున్నారు, జపాన్ వాళ్ళు కుట్ర చేసి ఇరికించారని వాదించేవాళ్ళూ ఉన్నారు. నా గొడవ ఆ రెండూ కాదు. మూడేళ్ళ పని కోసం వచ్చిన మనిషి అక్కడ పంతొమ్మిదేళ్ళు ఉండిపోయాడు. మిగతా అనర్థాలన్నీ దాని వెనకే వచ్చాయని నా వాదన.

మొదటి నుంచీ చెప్తాను. 1954లో బ్రెజిల్‌లోని పోర్తో వెల్యో అనే ఊళ్ళో పుట్టాడు, కుటుంబం లెబనాన్ నుంచి వలస వెళ్ళింది. ఆరేళ్ళ వయసులో బీరూట్, తర్వాత చదువు పారిస్‌లో, మన ఐఐటీలకు తాత లాంటి ఎకోల్ పాలిటెక్నిక్‌లో. 1978లో మిషెలిన్ టైర్ల కంపెనీలో చేరాడు. ముప్ఫై దాటీ దాటగానే దక్షిణ అమెరికా వ్యాపారం చేతికిచ్చారు. అప్పట్లో బ్రెజిల్‌లో పొద్దున ఉన్న ధర సాయంత్రానికి ఉండేది కాదు, వేతనం వచ్చిన రోజే జనం కొట్ల మీద పడి సరుకులు కొనేసేవారు. అక్కడ నిలదొక్కుకున్నాక అమెరికా పంపారు. అయితే మిషెలిన్ అంటే మిషెలిన్ వాళ్ళ కంపెనీ. ఎంత పని చేసినా పెద్ద కుర్చీ ఆ ఇంటి పిల్లలదే. 1996లో ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనో పిలిస్తే వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాదే బెల్జియంలో విల్వోర్డ్ అనే చోట ఉన్న ఫ్యాక్టరీ మూసేసి మూడు వేలమందికి పైగా జనాన్ని ఇంటికి పంపారు. అప్పట్నుంచి ఆయనకు ఖర్చుల కసాయి లాంటి పేరొకటి స్థిరపడింది.

1999 మార్చిలో రెనో 500 కోట్ల డాలర్లకు పైగా పోసి నిస్సాన్‌లో 36.8 శాతం వాటా కొంది. నిస్సాన్ అప్పు అప్పటికి రెండు లక్షల కోట్ల యెన్ల పైమాట. జపాన్ భాష రాదు, ఆ దేశంలో పనిచేసింది లేదు, వెంట ముప్ఫైమంది మనుషులు. అలా దిగాడు టోక్యోలో.

ఇక్కడ నేను ఆయనకు దండం పెడతాను, ఎందుకంటే ఆ మొదటి ఆర్నెల్లు ఆయన చేసిన పని చాలామంది బాగుచేసేవాళ్ళు చెయ్యరు. బయట నుంచి కన్సల్టెంట్లను తెచ్చి పుస్తకాలు రాయించలేదు. కంపెనీలోనే ఉన్న ముప్ఫై, నలభై ఏళ్ళ మేనేజర్లను రకరకాల డిపార్టుమెంట్ల నుంచి తీసి తొమ్మిది బృందాలుగా కలిపాడు. కొనుగోళ్ళవాడి పక్కన ఇంజనీరు, ఇంజనీరు పక్కన అమ్మకాలవాడు. మూడు నెలలు గడువిచ్చి, ఏది తప్పో మీరే చెప్పండన్నాడు. నిజానికి వాళ్ళకు అన్నీ తెలుసు. ఏ ఫ్యాక్టరీలో ఏ మెషీన్ ఊరికే తిరుగుతోందో, ఏ బోల్టుకి ఎవరు ఎంత ఎక్కువ తీసుకుంటున్నారో తెలుసు. పిల్లి మెడలో గంట కట్టేవాడు లేక ఆగారు, అంతే. మా యూనిట్‌లో కూడా ఏ లేత్ ఎందుకు ఆగుతుందో నాకంటే, మా ఓనరుగారికంటే మా టర్నర్ మామకు బాగా తెలుసు. ఆయన్ని అడిగిన మేనేజరు ఒక్కడూ లేడు.

1999 అక్టోబర్ 18న ప్రణాళిక బయటపెట్టాడు. అయిదు ఫ్యాక్టరీలు మూత. 1,394 కంపెనీల్లో నిస్సాన్‌కి షేర్లుంటే అందులో నాలుగే అవసరం, మిగతావి అమ్మెయ్యొచ్చన్నారు. దీని వెనక జపాన్ పద్ధతి ఒకటుంది, కైరెట్సు అంటారు. నాకు విడిభాగాలు అమ్మేవాడిలో నాకు వాటా, నాలో వాడికి వాటా, ఒకరినొకరు వదలరు, ధర గట్టిగా అడగరు. మేనరికాల కుటుంబం లాంటిది, కట్నం గురించి ఎవరూ నోరెత్తరు. ఆ ముడి విప్పాడు. 1,145 మంది సరఫరాదార్లను 600కి తగ్గిస్తామన్నాడు, కొనుగోళ్ళ ఖర్చు మూడేళ్ళలో 20 శాతం దించుతామన్నాడు. ఏడాదిలో లాభం రాకపోతే నేనూ నా పక్కన కూర్చున్న పెద్దలందరం రాజీనామా చేస్తామని కూడా అన్నాడు. జపాన్‌లోనే కాదు, మన దగ్గర కూడా ఇలా తేదీ వేసి తల తాకట్టు పెట్టిన పెద్దమనిషిని నేను చూడలేదు.

లాభం వచ్చింది. మరుసటి ఏడాది లెక్కల్లో 33,100 కోట్ల యెన్లు. మూడేళ్ళ ప్రణాళిక రెండేళ్ళకే అయిపోయింది. ఆయన మీద బొమ్మల కథలు వేశారు, పిల్లలు కూడా గుర్తుపట్టేవారట. 2002లో ఇంకో ప్రణాళిక: పది లక్షల కార్ల అమ్మకాలు పెంచాలి, 8 శాతం మార్జిన్ (అంటే అమ్మకాల మీద లాభం), అప్పు సున్నా. 2005 సెప్టెంబర్ నాటికి అదీ నెరవేరింది.

నా లెక్కలో అదీ దిగిపోవాల్సిన రోజు. కానీ ఆ ఏడాదే రెనోకి కూడా సీఈవో అయ్యాడు. ఒక కుర్చీ పారిస్‌లో, ఒకటి టోక్యోలో, మధ్యలో విమానం.

మా పెదనాన్న పోర్టులో పైలట్ లాంచీ మీద ముప్ఫై ఏళ్ళు చేశాడు. విశాఖ హార్బరు గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. మన ఇన్నర్ హార్బర్‌లోకి రావాలంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి కాలువ లాంటి దారిలో రావాలి. వన్ టౌన్ వైపు రాస్ హిల్ మీద నుంచి చూస్తే పెద్ద ఓడ ఇళ్ళ మధ్య నుంచి జారిపోతున్నట్టు ఉంటుంది. ఎంత గొప్ప కెప్టెన్ అయినా ఆ దారిలో తనంతట తాను ఓడ నడిపించుకురాడు. బయట సముద్రంలో ఆగితే పోర్టు పైలట్ లాంచీలో వెళ్తాడు, ఊగుతున్న తాడు నిచ్చెన పట్టుకుని ఎక్కుతాడు, ఓడను బెర్తు దాకా తెస్తాడు, దిగిపోతాడు. అంతసేపూ ఓడ కెప్టెన్‌దే, పేరూ కెప్టెన్‌దే. చిన్నప్పుడు మా పెదనాన్నని అడిగాను, మరి అంత కష్టపడి తెచ్చినాయన ఆ ఓడలో రెండ్రోజులు ఉండొచ్చు కదా, మంచి భోజనం పెడతారు కదా అని. ఆయన నవ్వి, "ఒరే నాయనా, ఓడ కట్టేసినాక ఆడికక్కడ ఏటి పని? ఆడి కోసం బయట ఇంకోటి కాసుకుని ఉంటాది" అన్నాడు.

నిస్సాన్‌కి కావలసింది పైలట్. గోన్ కూడా పైలట్‌గానే ఎక్కాడు, అందులో ఆరితేరినవాడు. బెర్తుకు చేర్చాక కెప్టెన్ టోపీ ఆయనకు నచ్చింది.

బయట ఇంకో ఓడ కాచుకుని కూర్చోలేదా అంటే, కూర్చుంది. 2009లో జనరల్ మోటార్స్ దివాలా తీస్తున్నప్పుడు ఆ కంపెనీని నడపమని అమెరికా ప్రభుత్వం తరఫున ఆయన్ని అడిగారు. తన కంపెనీ కష్టకాలంలో ఉందని కాదన్నానని, ఒప్పుకోకపోవడం తప్పయిందని 2020 జనవరిలో బీరూట్‌లో ప్రెస్ మీట్ పెట్టి ఆయనే చెప్పుకున్నాడు.

2005 తర్వాత అంతా చెడగొట్టాడని నేను అనను. 2010లో లీఫ్ అనే కరెంటు కారు తెచ్చాడు, చాలా పెద్ద కంపెనీలు చేతులు కట్టుకుని చూస్తున్న రోజుల్లో. 2011 భూకంపం తర్వాత కూడా కంపెనీని గట్టిగా నిలబెట్టాడు. చెన్నై దగ్గర ఒరగడంలో రెనో, నిస్సాన్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ 2010లో మొదలైంది, మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళు ఆ ఒరగడం బెల్టులో చాలామంది కనిపిస్తారు. కానీ పైలట్‌కి తెలిసిన విద్య ఒకటే, ఇరుకు దారిలోంచి ఓడ తీసుకురావడం. సముద్రం మధ్యలో కూడా ఆయన అదే విద్య వాడాడు. 2011లో పవర్ 88 అని కొత్త లక్ష్యం పెట్టాడు, ప్రపంచ మార్కెట్‌లో 8 శాతం వాటా, 8 శాతం మార్జిన్, 2016-17 కల్లా. 1999లో అంకె చెప్తే మనుషులు పరిగెత్తారు, ఎందుకంటే మునిగిపోతున్నామని అందరికీ తెలుసు. 2011లో అంకె చెప్తే ఏం చేశారు? అమెరికాలో డిస్కౌంట్లు గుమ్మరించారు, అద్దెకార్ల కంపెనీలకు గంపగుత్తగా అమ్మారు. అమ్మకాలు పెరిగినట్టు కనపడ్డాయి, బ్రాండు చవకబారు అయింది, కొత్త మోడళ్ళు రావడం ఆలస్యమైంది. ఆ వాటా, ఆ మార్జిన్ రెండూ అందలేదు. మూలనపడిన డాట్సన్ పేరుని తిరిగి బతికించి మన దేశానికి చవక కారుగా తెచ్చారు, 2014లో అమ్మకాలు మొదలై 2022లో ఆ పేరు మళ్ళీ మూలకే వెళ్ళింది.

ఇదంతా జరుగుతుంటే ఎవరూ ఆయనకు ఎందుకు చెప్పలేదు? ఎవరు చెప్తారు? కంపెనీకి ప్రాణం పోసినవాడాయె. 1999లో కింద మేనేజర్లను పిలిచి తప్పు చెప్పండన్న మనిషే, పదిహేనేళ్ళకు తప్పు చెప్పలేనంత ఎత్తులో కూర్చున్నాడు. రెనో, నిస్సాన్ పొత్తుకి పదిహేనేళ్ళు నిండాయని 2014లో వెర్సాయ్ రాజభవనంలో విందు చేశారు. పొత్తు సంతకాలు జరిగింది మార్చి 27న. విందు మార్చి 9న, ఆయన అరవయ్యో పుట్టినరోజున. షష్టిపూర్తి కంపెనీ ఖర్చుతో చేసుకున్నాడని మనవాళ్ళైతే ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

తర్వాత కథ అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా దాటేస్తాను. 2010లో జపాన్ కొత్త నియమం పెట్టింది, ఏడాదికి 10 కోట్ల యెన్లు దాటిన డైరెక్టర్ల జీతాలు పేరుతో సహా బయటపెట్టాలని. అప్పట్నుంచి తన జీతంలో పెద్ద భాగం వాయిదా వేసి, లెక్కల్లో చూపించకుండా దాచాడని ఆరోపణ, మొత్తం 900 కోట్ల యెన్లకు పైగా. 2018 నవంబర్ 19న టోక్యోలో విమానం దిగగానే అరెస్టు. ఆయన ఏదీ ఒప్పుకోలేదు. 2019 డిసెంబర్ 29న సౌండ్ బాక్సులు పెట్టే పెట్టెలో దాక్కుని ఒసాకా దగ్గర కన్సాయ్ ఎయిర్‌పోర్టు నుంచి ఇస్తాంబుల్ మీదుగా బీరూట్ చేరాడు. ఆయన మీద విచారణ జరగనేలేదు. అదే కేసులో ఉన్న అమెరికన్ సహచరుడికి 2022లో ఎనిమిదేళ్ళ ఆరోపణల్లో ఏడేళ్ళవి కొట్టేసి, ఒక్క ఏడాది విషయంలో ఆర్నెల్ల శిక్ష వేసి, అదీ అమలు కాకుండా ఆపారు. నేను జడ్జిని కాదు. పెట్టె కథ మీద జనానికి ఉన్న సరదా నాకు లేదు. అకౌంట్సు మనిషిని కదా, నాకు ఆ వాయిదా వేసిన జీతమే వింతగా ఉంటుంది. అది ఇప్పుడు తీసుకునేది కాదు, దిగిపోయాక తీసుకునేదట. దిగే రోజుని తప్ప మిగతా అన్నిటినీ లెక్కేసుకున్నాడు.

ఇలా ఉండిపోయింది ఈయన ఒక్కడే కాదు. అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్‌ని నిలబెట్టిన లీ అయకోకా 1978లో ఫోర్డ్‌లో ఉద్యోగం ఊడి అక్కడికి వచ్చాడు, ప్రభుత్వం 150 కోట్ల డాలర్లకు పూచీ ఉంటే అప్పు తెచ్చాడు, డాలరు జీతం తీసుకున్నాడు, 1983లోనే గడువుకి ఏడేళ్ళ ముందు అప్పు తీర్చేశాడు. ఆ రోజు దిగి ఉంటే దేవుడు. 1992 దాకా ఉన్నాడు. ఆయన ఇంటిపేరులోని అక్షరాలకు "క్రైస్లర్‌కి ఎప్పటికీ చైర్మన్‌ని నేనే" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో విస్తరించి నవ్వుకునేవారు. చాలక 1995లో ఒక కోటీశ్వరుడితో కలిసి అదే కంపెనీని కొనెయ్యబోయాడు కూడా.

దిగినవాడున్నాడు, అలన్ ములాలీ. 2006లో బోయింగ్ నుంచి ఫోర్డ్‌కి వచ్చాడు. ఆ ఏడాది ఫోర్డ్ నష్టం 1,260 కోట్ల డాలర్లకు పైనే. ఫ్యాక్టరీలతో పాటు ఆ నీలం లోగోని కూడా తాకట్టు పెట్టి అప్పు తెచ్చాడు. ప్రతి గురువారం మీటింగు, ప్రతివాడూ తన పనికి ఆకుపచ్చో పసుపో ఎరుపో రంగు వెయ్యాలి. వేల కోట్లు పోతున్న కంపెనీలో అందరూ ఆకుపచ్చే వేసుకొచ్చారు, మన ఆడిట్ రిపోర్టుల్లాగే. ఒకాయన, మార్క్ ఫీల్డ్స్, ధైర్యం చేసి ఎరుపు చూపిస్తే ములాలీ చప్పట్లు కొట్టాడు. 2014లో కుర్చీ అదే ఫీల్డ్స్‌కి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నన్ను పట్టుకుంటారని తెలుసు: ఆ ఫీల్డ్స్‌ని 2017లో తీసేశారు, 2021లో ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, మరి దిగిపోయి ఏం లాభం అని. నిజమే, దిగిపోతే కంపెనీ బాగుంటుందని హామీ లేదు. కానీ తర్వాత వచ్చినవాడు తప్పు చేస్తే తీసెయ్యగలిగారు, మూడేళ్ళకే, గొడవ లేకుండా, పోలీసులు రాకుండా. నిస్సాన్ వాళ్ళకి తమ పెద్దాయన్ని పంపించడానికి జైలు తప్ప వేరే తలుపు దొరకలేదు. ఆయన చేతులమీదుగా పైకొచ్చిన అప్పటి నిస్సాన్ సీఈవో సైకావానే అరెస్టు రోజు రాత్రి ప్రెస్ ముందు కూర్చుని ఆయన్ని తిట్టాడు, ఆ సైకావా తర్వాతి ఏడాది తన సొంత జీతం లెక్కల గొడవలోనే దిగాడు.

మన ఊళ్ళో ఈ మాట ఎందుకు అంటే, 2021 జనవరిలో స్టీల్ ప్లాంటు అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి కూర్మన్నపాలెంలో కార్మికుల దీక్షా శిబిరం దగ్గర, బస్సుల్లో, పెళ్ళిళ్ళలో ఒక మాట వింటూనే ఉన్నాను: ఎవరో ఒక గట్టివాడు రావాలండీ, ఏడాదిలో బాగుచేసేస్తాడు. సొంత గనులు లేని ప్లాంటు ఖనిజం బయట కొనుక్కుంటుంటే ఎంత గట్టివాడైనా ఆ తేడాని ఎక్కడి నుంచి తెస్తాడు? 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, మంచిదే. అయితే ప్రభుత్వ సంస్థల్లో మన జబ్బు గోన్ జబ్బుకి తలకిందులు. పెద్ద కుర్చీలో ఉండేది అయిదేళ్ళో, అరవై నిండే వరకో, ఏది ముందైతే అది. పైకి వచ్చేసరికే యాభై ఏడు, యాభై ఎనిమిది ఉంటాయి. ఓడ కాలువలో సగం దూరం రాకముందే పైలట్‌కి రిటైర్మెంట్ దండ వేసేస్తారు.

(ఒక పక్క మాట. అప్పట్లో సింధియా కంపెనీదైన మన షిప్‌యార్డుకి 1941లో పునాది వేయించిన వాల్‌చంద్ హీరాచందే 1944లో బొంబాయిలో ప్రీమియర్ కార్ల కంపెనీ పెట్టాడు. అంటే మన సింధియా జంక్షన్‌కీ, పద్మినీ కారుకీ మూలపురుషుడు ఒకడే. రోజూ ఆ జంక్షన్ మీదుగా వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసో.)

ఇక అసలు ఇది రాయడానికి కారణం. మేం లేత్ మీద బుష్‌లు, షాఫ్ట్‌లు తిప్పి తయారుచేసి ఇచ్చే పెద్ద కస్టమర్ ఒకడున్నాడు, పేరు రాయను. కొన్నేళ్ళ కిందట అక్కడ నష్టాలొచ్చి కొత్త పెద్దాయన వచ్చాడు. మొదటి ఉత్తరం: అన్ని రేట్లూ 15 శాతం తగ్గించండి. ఏడ్చాం. కానీ న్యాయంగా చెప్పాలంటే ఆ ఏడాది ఆయన మంచి పనే చేశాడు. బావమరుదుల కాంట్రాక్టులు పోయాయి, స్టోర్సులో మామూళ్ళు పోయాయి, ఎన్నడూ లేనిది మా బిల్లులు నలభై అయిదు రోజుల్లో పాసయ్యాయి. మా ఓనరుగారు 15 శాతం పోయినా ఆయన ఫోటో పెట్టుకోవచ్చన్నారు. కంపెనీ లాభంలోకి వచ్చింది.

రెండో ఏడాది 8 శాతం. అక్కడ కోసుకోవడానికి కొవ్వు లేదు. లేత్‌లో ఇనుము కోసే బిట్టులు, అవే ఇన్సర్టులు, చవకవి తెప్పించాం, ఓటీ ఆపేశాం, మెషీన్లకు సర్వీసింగ్ దసరాకి చేద్దాంలే అన్నాం, దసరాకి సంక్రాంతికి అన్నాం. రిజెక్షన్ పెరిగింది, మా బిల్లుల్లో కోత వేసే వాళ్ళ డెబిట్ నోట్లు పెరిగాయి. టర్నర్ మామ ఒక రోజు పాడైన షాఫ్ట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "బాబూ, ఈ బిట్టుతో ఇనప్పని అవదు, అరటి బోదె కొయ్యొచ్చు. అక్కడి సారుకి ఎవులైనా సెప్పినారా?" అన్నాడు. వాళ్ళ పర్చేజ్ మేనేజర్‌కి చెప్పాను. ఆయన ఫోన్‌లో గొంతు తగ్గించి, సార్, ఆయనకి ఎవరు చెప్తారండీ, కంపెనీని బతికించిందే ఆయన కదా, అన్నాడు.

మొన్న శుక్రవారం మూడో ఉత్తరం వచ్చింది, 5 శాతం. సోమవారంలోగా సమ్మతి పంపాలట. పోయిన ఏడాది పంపిన ఉత్తరమే కంప్యూటర్‌లో తెరిచి తేదీ మార్చాను. శాతం దగ్గర ఖాళీ వదిలి ప్రింటు తీసి ఓనరుగారి టేబుల్ మీద పెట్టాను. ఆయన ఇంకా రాలేదు. లోపల రెండో లేత్ ఆగిపోయిన చప్పుడు వినపడింది.